శ్రీ గుత్తుల వీరవేణి, పు.

మా జిల్లాను బోదవ్యాధి లేని జిల్లాగా ప్రకటించాలని పైవాళ్ళు నిర్ణయించారు. నిర్ణయం అయిపోయింది కాబట్టి ఇక వ్యాధి పోవడమే తరువాయి.

మొదటి మెట్టుగా ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్ళి రోగులందరినీ లెక్కపెట్టాలి, ఫోనులోని యాప్‌లో ఎక్కించాలి. ఆ యాప్‌లో బోద ఉండదగిన చోట్లు రెండే రెండు. ఒకటి కాలు. రెండోది వరిబీజం. పల్లెల్లో మగవాళ్ళు బుడ్డ అంటారే, అదే. మూడో గడి లేదు.

నేను వాడ్రేవులంక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తాని. పేరు కామేశం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క గడిని కూడా ఖాళీగా వదిలి ఎరగను. జరిగిన దాంట్లో నా వేలికి కూడా భాగం ఉంది కనుక ఈ సంగతి ముందే చెప్పుకుంటున్నాను.

యాప్ వాడకం మీద శిక్షణ ఇవ్వడానికి జిల్లా కార్యక్రమ అధికారి డాక్టర్ సర్వారాయుడు గారు స్వయంగా వచ్చారు. ఆయన మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. గంటన్నర ఉపన్యాసం అయ్యాక "సందేహాలుంటే వ్యక్తపరచవచ్చును" అన్నారు. అది ముగింపు వాక్యమని అందరికీ తెలుసు. అయినా మా ఏఎన్ఎం నేలపూడి జ్ఞానసుందరి లేచి నిలబడింది.

"సార్, ఆడవాళ్ళకి కాలికి కాకుండా వేరే చోట వస్తే ఎందులో రాయమంటారండి?"

"వేరే చోట అనగా?"

"రొమ్ముకి వస్తదండి. కొంతమందికి కింద, జననాంగానికి వస్తదండి. కుట్టేది ఆ దోమే, ఎక్కేది ఆ పురుగే కదండి."

హాల్లో ఫ్యాను తిరుగుతున్న సంగతి అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చి పైకి చూశారు.

"అమ్మా, స్త్రీలకు కాళ్ళు ఉంటాయా, ఉండవా?" అని అడిగారు సర్వారాయుడు గారు.

"ఉంటాయండి."

"కావున కాళ్ళలో నమోదు చేయండి."

"కాళ్ళు బాగానే ఉంటాయండి వాళ్ళకి."

"అటువంటప్పుడు వ్యాధి లేనట్టే నిర్ధారణ అవుతోంది కదా. మార్గదర్శకాలలో పేర్కొనని అవయవానికి సోకే అధికారం వ్యాధికి లేదమ్మా. కూర్చోండి."

జ్ఞానసుందరి కూర్చుంది. కానీ ఆవిడ కూర్చోవడానికీ ఒప్పుకోవడానికీ చాలా తేడా ఉంటుందని మా కేంద్రంలో అందరికీ తెలుసు.

మర్నాడు ఆవిడ ఊరి చివర కొబ్బరి పీచు షెడ్డుకి వెళ్ళింది. చుట్టూ డొక్కలు నానబెట్టే గుంటలు, గుంటల నిండా నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద దోమలు. షెడ్డులో ముప్ఫైమంది ఆడవాళ్ళు తాళ్ళు పేనుతుంటారు. ఇంతకుముందు సర్వేకి వెళ్ళినవాళ్ళు గుమ్మంలో నిలబడి "ఎవరికైనా బోదకాలుందా?" అని కేకేసి, లేదనిపించుకుని వచ్చేవారు. జ్ఞానసుందరి మేస్త్రీని టీకి పంపింది, తలుపు దగ్గరికి వేసింది, ఒక్కొక్కరినీ పక్కకి తీసుకెళ్ళి అడిగింది.

మొదట నోరు విప్పిన మనిషి గుత్తుల వీరవేణి. ముప్ఫై మూడేళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా కింద ఆ వాపు మోస్తోంది. రెండు నెలలకోసారి చలిజ్వరం, జ్వరం తగ్గేసరికి వాపు ఇంకాస్త పెద్దది. ఏటేటా పంచే బోద మాత్రలు ఆమె వాటావి కూడా మొగుడు తాతాజీయే మింగేవాడు, పారేస్తే పాపమని.

"ఎవరికీ చూపించుకోలేదా వేణీ?"

"సూపించానండి. సెంటర్లో ఆర్.ఎం.పీ. సుఖరోగం అన్నాడండి. అత్తగారు ఇనేసింది. ఆ రోజునించీ నా సేతి మంచినీళ్ళు ముట్టలేదండి ఆవిడ, పోయేదాకా." తాడు కొసను చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "మాయాయన మంచోడేనండి. కానీ నెప్పికి నేనే దగ్గరికి రానీనండి. పిల్లలు లేరేటని అడుగుతారండి అందరూ. ఏటి సెప్పనండి?"

ఆమె తరువాత మరో ఎనిమిదిమంది చెప్పారు. మొత్తం తొమ్మిది.

జ్ఞానసుందరి ముందు అధికారి మాట ప్రకారమే "కాలు" నొక్కింది. యాప్ కాలి ఫొటో అడిగింది. వీరవేణి కాలు చాచింది. ఒక్క నిమిషం ఆలోచించి యాప్, "కాలు సాధారణము. ధన్యవాదములు" అంది. చేసేదిలేక ఆవిడ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"వరిబీజం నొక్కండి. చోటు దగ్గర్లోదే కదా" అన్నాను.

నొక్కింది. "స్త్రీలకు ఈ సదుపాయము లేదు" అని వచ్చింది.

"అయితే లింగం దగ్గర 'పు' పెట్టండి. ఎక్కడం ముఖ్యం. ఎక్కాక రేపు సరిచేద్దాం" అన్నాను.

నా వేలితోనే నొక్కాను. పచ్చటి టిక్కు పడింది. అలా ఒక్క పూటలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు మగవాళ్ళయ్యారు. మర్నాడు సరిచేద్దామని చూస్తే, ఒకసారి ఎక్కిన లింగాన్ని మార్చే అధికారం జిల్లా స్థాయిలో ఉందని తెలిసింది.

రెండు నెలలకి ఆపరేషన్ క్యాంపు పెట్టారు. జిల్లాలో వరిబీజం రోగులు నాలుగువందల పన్నెండుమంది. అందరికీ కోత పడితేగానీ ప్రకటన రాదు. వీరవేణి ఇంటికి ఉత్తరం వచ్చింది. "శ్రీ గుత్తుల వీరవేణి గారికి, సోదరా, సంకోచం వీడండి." వ్యాను కూడా వచ్చింది. తొమ్మిదిమంది చీరలు సర్దుకుని ఎక్కారు. వెనక జ్ఞానసుందరి ఎక్కింది.

పట్నంలో ఏరియా ఆసుపత్రి సర్జన్ డాక్టర్ విశాలాక్షి. మగవాళ్ళ వార్డులో వరసగా కూర్చున్న ఈ తొమ్మిదిమందినీ చూసి, చేతిలో జాబితా చూసి, మళ్ళీ వీళ్ళని చూసింది. జ్ఞానసుందరి జరిగింది చెప్పింది. సర్జన్ నవ్వలేదు. ఒక్కొక్కరినీ తెర వెనక పరీక్ష చేసింది.

"ఇది బోదేనమ్మా. సుఖరోగమూ కాదు, పాపమూ కాదు, దోమ" అని వీరవేణితో చెప్పింది. "పన్నెండు రోజులు ఈ మాత్రలు వేసుకో. రోజూ సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకో. పుండు పడితే ఈ మందు రాయి. జ్వరాలు ఆగితే వాపు కొంత తీస్తుంది. మిగిలింది నేను చిన్న ఆపరేషన్ చేసి తీస్తాను."

తిరిగి వ్యాను ఎక్కాక వీరవేణి, "పాపం కాదంటండి" అని జ్ఞానసుందరితో దారంతా నాలుగుసార్లు అంది.

ఇక యాప్‌లో రాయాలి. ఆపరేషన్ జరిగినది, నిరాకరించినారు, మరణించినారు, వలస వెళ్ళినారు. నాలుగే దారులు. "ఇది వరిబీజం కాదు" అని రాయడానికి దారి లేదు. మరణం, వలస కుదరవు కాబట్టి సర్జన్ పళ్ళు కొరుక్కుంటూ "నిరాకరించినారు" నొక్కింది.

నిరాకరించిన పురుషులకు ధైర్యం చెప్పాలని నిబంధన. పది రోజుల్లో ఇద్దరు కౌన్సిలర్లు బొమ్మల పుస్తకంతో వీరవేణి ఇంటికి దిగారు. వాకిట్లో తాతాజీ కొబ్బరిచెట్టు ఎక్కే మోకుకి ముడులు సరిచూసుకుంటున్నాడు.

"వీరవేణి గారూ, మగాడై ఉండి కత్తికి భయమా?"

"ఈరవేణి మా ఆవిడండి."

కౌన్సిలర్లు మొహాలు చూసుకున్నారు. జాబితా తీశారు. జాబితాలో తప్పు ఉండదు కనుక, "ఆవిణ్ణి పిలవండి" అన్నారు.

వీరవేణి వచ్చి గడపలో కూర్చుంది. పన్నెండు పేజీలు. ఒక్క పేజీ కూడా వదలకుండా చదివారు. ఆపరేషన్ తరువాత మగతనానికి ఏ ముప్పూ ఉండదన్నారు. సైకిల్ నెలరోజులు తొక్కరాదన్నారు. లంగోటా బిగించి కట్టుకోమన్నారు. తాతాజీ చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఇంకా ఏమైనా సందేహాలున్నాయా?"

"ఒకటుందండి" అంది వీరవేణి. "ఆపరేసన్ అయ్యాక మీసాలు ఒత్తుగా వత్తాయాండి?"

పెద్ద కౌన్సిలరు కలం తీసి రాసుకున్నాడు. "లబ్ధిదారుడు సానుకూలముగా స్పందించినాడు."

మీసాలు రాలేదు గానీ జ్వరాలు ఆగాయి. మాత్రలు, సబ్బు, శుభ్రమైన గుడ్డ. పదకొండేళ్ళలో మొదటిసారి మూడు నెలలు జ్వరం లేకుండా గడిచాయి. వాపు సగం తీసింది. ఆ తరువాత ఒకరోజు వీరవేణి జ్ఞానసుందరిని షెడ్డు వెనక్కి పిలిచి, "అమ్మా, నెల తప్పిందండి" అంది. చెబుతూ చెబుతూ అక్కడే పీచు కుప్ప మీద కూర్చుండిపోయి ఏడ్చిందట. జ్ఞానసుందరి కూడా ఏడ్చిందట. నాకు ఆవిడ చెప్పలేదు, వీరవేణే తరువాత చెప్పింది. ఎర్రబడ్డ కళ్ళతో రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది.

గర్భిణుల నమోదుకి వీరవేణి నంబరు కొట్టాను. తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"పురుషులు గర్భం ధరించుటకు అర్హులు కారు."

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. ఆ నంబరు లేనిదే ఐరన్ మాత్రలు లేవు, స్కానింగు లేదు, పెద్దాసుపత్రికి పంపే చీటీ లేదు. వాపు ఇంకా సగం ఉంది కాబట్టి మామూలు కాన్పు కష్టమనీ, తన దగ్గరికే పంపమనీ సర్జన్ గట్టిగా చెప్పింది. మా దగ్గర నుంచి కంప్యూటర్ చీటీ లేకపోతే ఏరియా ఆసుపత్రి కౌంటర్లో లోపలికి రానివ్వరు.

నేను ఫైలు పట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. తప్పు నాదేననీ, ఆ తొమ్మిదిమందినీ మళ్ళీ స్త్రీలుగా మార్చమనీ సర్వారాయుడు గారిని వేడుకున్నాను.

ఆయన ఫైలంతా చదివారు. "కామేశం గారూ, నాలుగువందల పన్నెండు అని రాజధానికి నివేదించాం. ఇప్పుడు నాలుగువందల మూడు అంటే ఆ తొమ్మిదిమంది పురుషులు ఏమైనారని అడుగుతారు. ఏమని చెప్పమంటారు?"

"స్త్రీలైనారని చెబుదామండి."

"రోగి తగ్గితే అది డేటా లోపం. దానికి మనం బాధ్యులం. పురుషుడికి గర్భం వస్తే అది ప్రకృతి లోపం. ప్రకృతి మన శాఖ పరిధిలోకి రాదు." కాసేపు కళ్ళు మూసుకున్నారు. "అయినను, పునరావృతం కాకుండా చర్యలు తీసుకోవలసి ఉంటుంది."

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. వరిబీజం రోగులు శస్త్రచికిత్సకు ముందు గర్భం దాల్చరాదు. ఇప్పటికే దాల్చినవారు ప్రసవానంతరం ఆపరేషన్‌కు విధిగా హాజరు కావలెను. ఇకపై ప్రతి వరిబీజం రోగికి గర్భ నిర్ధారణ పరీక్ష తప్పనిసరి.

ఉత్తర్వు ఉత్తర్వే. మర్నాటి నుంచి జిల్లాలోని ఆరోగ్య కేంద్రాల ముందు లుంగీలు కట్టుకున్న పెద్దమనుషులు చిన్న డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా కేంద్రానికి వచ్చినవాళ్ళలో డెబ్బై రెండేళ్ళ వాసంశెట్టి పెదసుబ్బయ్య గారు ఒకరు. ఆయన డబ్బా ఇచ్చి ఫలితం కోసం బెంచీ మీద చాలా గంభీరంగా కూర్చున్నారు. జ్ఞానసుందరి వచ్చి ఏమీ లేదని చెప్పింది.

"అమ్మయ్య" అన్నారాయన. "ముసలిదానికి ఏం సమాధానం చెప్పాలా అని సత్తన్నానమ్మా పొద్దున్నించీ."

నాలుగువందల పన్నెండు పరీక్షలు జరిగాయి. గర్భం ఉన్నట్టు తేలింది ఒక్కరికే. "వరిబీజం రోగులలో గర్భధారణ పావు శాతానికి లోపే అదుపు చేయబడినది" అని జిల్లా నివేదికలో రాశారు. ఆ నెల పరీక్ష కోసం వచ్చిన ఆడవాళ్ళని మాత్రం కిట్లు అయిపోయాయని వెనక్కి పంపాం. ఆ మాట వాళ్ళకి చెప్పిన మనిషిని నేనే.

వీరవేణికి ఐరన్ మాత్రలు జ్ఞానసుందరి ఎక్కడెక్కడో అడిగి తెచ్చి ఇచ్చేది. చీటీ మాత్రం ఎక్కడా అడిగి తేలేకపోయింది. ఏడో నెల వచ్చింది.

అప్పుడు రాజధాని నుంచి పరిశీలన బృందం వస్తోందని కబురు. జాబితాలోంచి పదిమంది పేర్లు చీట్లు వేసి తీశారట. మూడో పేరు గుత్తుల వీరవేణి, పు.

సర్వారాయుడు గారు ఆ పూటే వాడ్రేవులంక వచ్చి నేరుగా తాతాజీ ఇంటికి వెళ్ళారు. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

"తాతాజీ గారూ, రేపు ఒక్క అరగంట మీరు వీరవేణిగా వ్యవహరించవలసి ఉంటుంది."

"నాకు వరిబీజం లేదండి."

"ఆపరేషన్ అయిపోయిందని చెబుదాం. లేకపోవడమే దానికి సాక్ష్యం."

తాతాజీ బుర్ర గోక్కున్నాడు. "మరి దానికి చీటీ ఇప్పిత్తారాండి, అలా చేత్తే?"

"సానుకూలముగా పరిశీలిస్తాం."

మర్నాడు ఉదయం పదింటికి జీపులు వచ్చాయి. బృందానికి పెద్ద ఒక నడివయసు డాక్టరమ్మ. అలసిపోయిన మొహం, చేతిలో పెన్సిలు. తాతాజీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సర్వారాయుడు గారు, వెనక నేను, గుమ్మం పక్కన జ్ఞానసుందరి.

"నీ పేరేంటి బాబూ?"

"ఈ... ఈరవేణి అండి."

"ఆపరేషన్ అయిందా?"

"ఆయ్. అయిపోయిందండి. మీసాలు కూడా వచ్చేశాయండి."

డాక్టరమ్మ పెన్సిలు ఆగింది. అప్పుడే లోపలినుంచి వీరవేణి వచ్చింది. నిండు పొట్ట మీద చెయ్యి వేసుకుని మొగుడి కుర్చీ పక్కన నిలబడింది.

"మాయాయన పేరు తాతాజీ అండి. ఆయనకి అబద్ధం ఆడ్డం రాదు. శ్రీ గుత్తుల ఈరవేణిని నేనండి."

సర్వారాయుడు గారు దగ్గారు. వీరవేణి ఆయన వైపు చూడలేదు.

"పదకొండేళ్ళు నేనెవరికీ సెప్పుకోలేదండి. ఇయ్యాల ఇంతమంది మగోళ్ళ ముందు సెబుతున్నాను. నాకు బోద కాలికి రాలేదండి, మానానికి వచ్చింది. దాన్ని రాసుకోడానికి మీ ఫోనులో సోటు లేదన్నారు. సరే, నన్ను మగోణ్ణి చేశారు, ఊరుకున్నాను. నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు నా కడుపులో బిడ్డకి తల్లి లేదంటన్నారండి. ఆ మాట మాత్రం నేను పడను."

తాతాజీ లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

డాక్టరమ్మ పరిశీలన పుస్తకం మూసేసింది. "ఈమె ఒక్కతేనా?"

"ఈ ఊరి పీచు షెడ్డులోనే తొమ్మిదిమందండి" అంది జ్ఞానసుందరి. "తలుపేసి అడిగితే అన్ని ఊళ్ళలోనూ ఉంటారండి."

డాక్టరమ్మ అధికారి వైపు తిరిగింది. "యాప్‌లో మూడో గడి పెట్టమని మీరెందుకు రాయలేదు?"

"ఆ విషయం ఎవరూ మా దృష్టికి తీసుకురాలేదు మేడమ్."

"శిక్షణలో నేనడిగానండి" అంది జ్ఞానసుందరి.

"శిక్షణలో అడిగిన ప్రశ్నలను రికార్డు చేసే నిబంధన లేదు మేడమ్" అన్నారు సర్వారాయుడు గారు. అది నిజమే.

డాక్టరమ్మ కంప్యూటర్ చీటీ కోసం ఆగలేదు. తన పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి, పెన్సిలుతోనే ఏరియా ఆసుపత్రికి నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పెన్సిలుతో రాసిన కాగితం అంత త్వరగా పనిచేయడం నేను చూడలేదు. జిల్లా ప్రకటన వాయిదా పడింది. యాప్‌లో మూడో గడి వచ్చింది. గడి వచ్చిన నెల రోజుల్లో జిల్లాలో నూట అరవై ఇద్దరు ఆడవాళ్ళు అందులో తేలారు. వ్యాధి హఠాత్తుగా ఎందుకు పెరిగిందో సంజాయిషీ ఇవ్వమని జ్ఞానసుందరికి మెమో వచ్చింది. "పెరగలేదండి. అడిగాం" అని ఆవిడ జవాబు రాసింది. నేనే టైపు చేశాను.

నెలలు నిండాక డాక్టర్ విశాలాక్షి పొట్ట కోసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిదివందలు. తల్లీబిడ్డా క్షేమం. బాలింత కాస్త కోలుకున్నాక, వాపు తీసే రెండో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది.

తేదీ దగ్గరపడ్డాక మరో చిక్కు వచ్చింది. మూడో గడి స్త్రీలకు మాత్రమే తెరుచుకుంటుంది. వీరవేణి ఇంకా పు. ఇప్పుడిక పెన్సిలు కాగితం కుదరదు. నేను, జ్ఞానసుందరి, తాతాజీ, మూడు నెలల పిల్లని ఎత్తుకున్న వీరవేణి, షెడ్డులోని మిగతా ఎనిమిదిమంది, అందరం కలిసి జిల్లా ఆఫీసుకి వెళ్ళాం. మిగతావాళ్ళని బయట ఆపి తల్లిని, నన్ను లోపలికి రమ్మన్నారు.

సర్వారాయుడు గారు ఫైలు తిరగేశారు. "లింగ మార్పిడి నమోదుకు మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఆవశ్యకం. బోర్డు త్రైమాసికానికి ఒకసారి సమావేశమవుతుంది. గత సమావేశం మొన్ననే ముగిసింది."

"అంటే ఇంకో మూడు నెలలాండి?"

"బోర్డు ముందు తాము స్త్రీ అని తగు సాక్ష్యాధారాలతో..."

ఇంతలో పిల్ల ఏడుపందుకుంది. చిన్న పిల్లే కానీ గొంతు చిన్నది కాదు. సర్వారాయుడు గారు చెప్పబోయిన వాక్యం రెండుసార్లు మొదలై రెండుసార్లూ మునిగిపోయింది. వీరవేణి అటూ ఇటూ చూసింది. ఆయన ఎదురుగా ఉన్న మెత్త కుర్చీలో స్థిమితంగా కూర్చుని, పమిట కప్పుకుని, పిల్లకి పాలివ్వడం మొదలుపెట్టింది.

ఏడుపు ఆగింది. గదిలో ఇక పిల్ల గుటకలు తప్ప మరో చప్పుడు లేదు.

అధికారి గారు ఫైలు వైపు చూశారు. గోడ మీద క్యాలెండరు చూశారు. తరువాత చాలాసేపు పేపరువెయిటు చూశారు. మొహం చెవులదాకా ఎర్రబడింది. చివరికి కలం తీసి, తల ఎత్తకుండా, "ప్రత్యక్ష సాక్ష్యం లభించినందున బోర్డు ఆవశ్యకత లేదు. స్త్రీగా నమోదు చేయవచ్చును" అని రాసి సంతకం పెట్టి, ఫైలు నా వైపు తోశారు.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగారు పేపరువెయిటుతో.

"ఇంకో ఎనిమిదిమంది మగోళ్ళు ఉన్నారండి బయట వరండాలో" అంది వీరవేణి, పిల్లని రెండో వైపుకి మార్చుకుంటూ. "అందులో ముగ్గురు పాలిచ్చే తల్లులండి. పిలవమంటారాండి?"

సర్వారాయుడు గారు నా చేతిలోని ఫైలు లాక్కుని, ఆ ఎనిమిదిమంది పేర్లూ అదే ఉత్తర్వులో తన చేత్తోనే చేర్చారు.